కెప్టెన్‌ ప్రేమించకూడదా?

మనుషులెవరూ లేని గ్రహం. చుట్టూ అడవి. అక్కడ ఉన్నది ఇద్దరే ఇద్దరు. ఆమె ఓ అంతరిక్ష నౌకకు కెప్టెన్. అతడు ఆమె తర్వాతి అధికారి. ఆ గ్రహం మీది పురుగు కుట్టి ఇద్దరికీ మందులేని జబ్బు పట్టుకుంది. అక్కడే ఉన్నంతకాలం ప్రాణానికి ఢోకా లేదు. ఆ గాలి దాటి బయటికొస్తే మాత్రం బతకరు. అందుకే నౌకను మరో అధికారికి అప్పగించి, ‘మా కోసం ఆగొద్దు, వెళ్లిపోండి’ అని ఆమె ఆజ్ఞాపించింది. నౌక వెళ్లిపోయింది.

ఆమె ఊరుకునే మనిషి కాదు. పురుగుల్ని పట్టడానికి ఉచ్చులు పెట్టి, మందు కనిపెట్టే పనిలో పడింది. అతడు మాత్రం ‘ఇక ఇదే మన ఊరు’ అనుకున్నాడు. తొట్టి నిండా నీళ్లలో తీరిగ్గా స్నానం చేయడం ఆమెకు ఇష్టమని తెలుసు. ఇంటి బయట కలపతో ఓ తొట్టి కట్టిపెట్టాడు. ఒక రాత్రి ఆమెకు మెడ పట్టేస్తే దగ్గరికొచ్చి నెమ్మదిగా నొక్కాడు. ఆమె చటుక్కున లేచి లోపలికెళ్లిపోయింది. కాసేపటికి తిరిగొచ్చి ‘మన మధ్య హద్దులేమిటో అనుకుందాం’ అంది. హద్దుల సంగతి నాకు తెలీదు గానీ మావాళ్ల పాత కథొకటి చెబుతానన్నాడతడు.

ఓ కోపిష్టి యోధుడు. ఎంత వెతికినా మనశ్శాంతి దొరకలేదు. చివరికి ఒక వీరవనిత నాయకురాలిగా ఉన్న తెగలో చేరాడు. ఆమె పక్కనే ఉండి ఆమె బరువు కొంత మోయడమే తన పని అనుకున్నాడు. అప్పుడు దొరికింది శాంతి. ఇదీ కథ. ‘నిజంగా పాత కథేనా?’ అందామె, కళ్లలో నీళ్లతో. కాదన్నాడు. అలాగైతే చెప్పడం తేలికనిపించిందన్నాడు. ఇద్దరి వేళ్లూ కలిశాయి.

అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు... కనీసం తెర మీద!

1996 మేలో అమెరికా టీవీలో వచ్చిన ఈ ఎపిసోడ్ పేరు ‘రిజల్యూషన్స్’. సీరియల్ ‘స్టార్ ట్రెక్: వాయేజర్’. ఆమె కాథరిన్ జేన్‌వే. అతడు చకోటే. ఆ రాత్రి తర్వాత ఏం జరిగి ఉంటుందన్న ప్రశ్న మీద అభిమానులు అప్పుడు మొదలుపెట్టిన వాదన ఇప్పటికీ తేలలేదు.

ఇక్కడే ఓ చిన్న ముచ్చట. చకోటే అమెరికా ఆదివాసీ వంశస్థుడని సీరియల్ చెబుతుంది. ఆ సంస్కృతి గురించి సలహాల కోసం నిర్మాతలు పెట్టుకున్న జమాకే హైవాటర్ అనే రచయిత అసలు ఆదివాసీయే కాదు. ఆ వంశం పేరు వాడుకున్నాడని 1984లోనే బయటపడింది. ‘పాత కథేం కాదు’ అన్న చకోటే మాట అలా ఇంకో రకంగానూ నిజమైంది.

ఇంటికి 75 ఏళ్ల దూరం

1980ల్లో దూరదర్శన్‌లో ఆదివారం పూట వచ్చిన పాత స్టార్ ట్రెక్ గుర్తున్నవాళ్లకు కెప్టెన్ కిర్క్, కోసు చెవుల స్పాక్ గుర్తుండే ఉంటారు. కిర్క్ ఏ గ్రహం మీద దిగినా అక్కడో అందగత్తె ఎదురయ్యేది. ఆయన ప్రేమలో పడేవాడు. ఎపిసోడ్ అయ్యేసరికి అన్నీ దులిపేసుకుని మళ్లీ కెప్టెన్ కుర్చీలో కూర్చునేవాడు. ‘ఇలాగైతే నౌకను ఎవరు చూస్తారు’ అని ఆయన్ని నిలదీసినవాళ్లు తక్కువే.

1995 జనవరిలో మొదలైన ‘వాయేజర్’తో లెక్క మారింది. స్టార్ ట్రెక్ సీరియల్ ఒకదానికి స్త్రీ ప్రధాన కెప్టెన్ కావడం అదే మొదటిసారి. కథ కూడా అంతకుముందు వాటిలాంటిది కాదు. చకోటే ఓ తిరుగుబాటు దళ నాయకుడు. అతణ్ని పట్టుకోవడానికే జేన్‌వే బయల్దేరింది. అంతలో ఏదో మహాశక్తి ఇద్దరి నౌకలనూ ఎత్తి 70 వేల కాంతి సంవత్సరాల అవతల పడేసింది. నౌక ఎంత వేగంగా వెళ్లినా భూమిని చేరడానికి 75 ఏళ్లు. తిరుగుబాటుదారుల నౌక నాశనమైంది. గతిలేక రెండు వర్గాలూ ఒకే నౌకలో కలిశాయి. పట్టుకోవాల్సిన మనిషినే ఆమె తన తర్వాతి అధికారిగా నియమించుకుంది. సిబ్బంది మొత్తం సుమారు 150 మంది. ఇంటి దగ్గర ఆమె కోసం పెళ్లి నిశ్చయమైన మార్క్ ఎదురుచూస్తున్నాడు, ఓ కుక్క కూడా.

75 ఏళ్లు! అంటే నౌకలో ఎక్కినవాళ్లలో చాలామంది అందులోనే ముసలివాళ్లవుతారు. ఈ లెక్కే వాదనకంతటికీ మూలం.

స్త్రీ కెప్టెన్ కుర్చీలో కూర్చోవడం అప్పట్లో తెర మీదే కాదు, బయటా కొత్తే. అమెరికా నౌకాదళంలో ఓ నౌకకు తొలిసారి మహిళ నాయకత్వం వహించింది 1990లో. ఆమె పేరు డార్లీన్ ఇస్క్రా. యుద్ధనౌక పగ్గాలు మహిళకు దక్కడానికి మరికొన్నేళ్లు పట్టింది. కాథ్లీన్ మెక్‌గ్రాత్ ఆ బాధ్యత చేపట్టేనాటికి జేన్‌వే టీవీలో కొన్నేళ్లుగా నౌక నడుపుతోంది. అందుకే ఆమె ప్రతి కదలికనూ జనం భూతద్దంతో చూశారు. ఆఖరికి జుట్టును కూడా! ఈ పాత్రకు మొదట తీసుకున్న జెనెవీవ్ బుజోల్డ్ రెండు రోజులు కూడా నటించకుండానే తప్పుకుంది. తర్వాత వచ్చిన కేట్ మల్‌గ్రూ కేశాలంకరణ నచ్చక నిర్మాతలు కొన్ని సన్నివేశాలు మళ్లీ తీయించారు. మగ కెప్టెన్ పికార్డ్‌కు బట్టతల. ఆ బాధే లేదు.

రెండు వర్గాలు

తెర మీది ఇద్దరు దగ్గరవ్వాలని కోరుకునే అభిమానులకు అమెరికాలో ‘షిప్పర్లు’ అని పేరు. ‘రిలేషన్‌షిప్’ అన్న మాటకు తల కత్తిరించి చేసుకున్న పదమది. 1990ల్లో ‘ఎక్స్ ఫైల్స్’ అభిమానుల దగ్గర పుట్టి అందరికీ పాకింది. జేన్‌వే, చకోటేల షిప్పర్లు వాళ్లిద్దరి పేర్లలోని మొదటి అక్షరాలతో తమ వర్గానికి పేరు పెట్టుకున్నారు. కథలు రాశారు, పత్రికలు వేశారు, అభిమానుల సభల్లో నటులను నిలదీశారు. ‘రిజల్యూషన్స్’ తర్వాతి రాత్రుల గురించి వచ్చిన సొంత కథలకైతే లెక్కే లేదు.

వద్దన్నవాళ్లు తక్కువ తినలేదు. వాళ్ల వాదనకు బలమైన ఆధారం స్టార్ ట్రెక్‌లోనే ఉంది. 1993లో వచ్చిన ‘లెసన్స్’ ఎపిసోడ్‌లో పికార్డ్ తన కింద పనిచేసే ఓ శాస్త్రవేత్తను ప్రేమిస్తాడు. ఇద్దరూ కలిసి సంగీతం వాయించుకుంటారు. అంతా బాగానే ఉందనుకునేలోగా ఆమెను ప్రాణాపాయం ఉన్న పనికి పంపాల్సి వస్తుంది. పంపుతాడు. ఆమె చనిపోయిందనుకున్న కొద్దిసేపు ఆయన పడే యాతన చూడాలి. ఆమె బతికొస్తుంది. కానీ మళ్లీ ఆమెను అలా పంపడం తనవల్ల కాదని ఆయనకు తెలిసిపోతుంది. ఆమె మరో చోటికి బదిలీ అవుతుంది.

నిజమైన సైన్యాల్లోనూ ఈ నిబంధన ఉంది. అధికారి, తన ఆజ్ఞల కింద పనిచేసే మనిషి ప్రేమించుకోకూడదు. అది నీతి కోసం పెట్టిందనుకుంటే పొరపాటు. నలుగురిలో ఒకణ్ని చావుకు పంపాల్సి వచ్చినప్పుడు, ఆ ఒక్కడు తన మనిషి కాదు కాబట్టి పోయాడని మిగతా ముగ్గురూ ఎప్పుడూ అనుకోకూడదు. పైగా పైఅధికారి ప్రేమిస్తున్నానంటే కింది మనిషి నిజంగా ‘కాదు’ అనగలడా? ఈ రెండో ప్రశ్న ఆఫీసుల్లో పనిచేసే ఎవరికైనా అర్థమయ్యేదే.

షిప్పర్ల జవాబూ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పికార్డ్ ప్రేమించిన మనిషికి బదిలీ అయ్యే చోటుంది. జేన్‌వేకి ఏముంది? చుట్టూ 70 వేల కాంతి సంవత్సరాల చీకటి. ఉన్నది ఒక్క నౌక. అందులో ఉన్నవాళ్లంతా ఆమె కింది మనుషులే. మూడేళ్ల విధి నిర్వహణకు రాసిన నియమాన్ని 75 ఏళ్లకు వర్తింపజేస్తే అది నియమం కాదు, శిక్ష. పైగా అదే నౌకలో ఇంజినీర్ల పెద్ద బెలానా, నౌక నడిపే టామ్ పారిస్ ప్రేమించుకున్నారు. 2000లో పెళ్లి చేసుకున్నారు. సీరియల్ ముగిసేసరికి బిడ్డా పుట్టింది. నౌకంతా అక్షింతలు వేసింది. శిక్ష పడింది ఒక్క కెప్టెన్‌కే.

సీరియల్ కూడా ఈ సంగతి మాట్లాడకుండా ఉండలేదు. 1995లో వచ్చిన ‘ఎలోజియం’లో సిబ్బంది ప్రేమల గురించి చకోటేతో చర్చ వస్తుంది. వాళ్ల సొంత విషయాల్లో తలదూర్చనంటుంది జేన్‌వే. మరి మీ సంగతో అంటే, కెప్టెన్‌కు అంత భాగ్యం లేదంటుంది. ఎలాగూ మార్క్ ఉన్నాడుగా అని కూడా. 1998లో ‘హంటర్స్’ ఎపిసోడ్‌లో ఆ మార్క్ దగ్గర్నుంచే ఉత్తరం వస్తుంది. నౌక మునిగిపోయిందనే అందరూ అనుకున్నారు, చాలాకాలం ఎదురుచూశాను, చివరికి పెళ్లి చేసుకున్నానని. ఇంకెవరికీ దగ్గర కాకుండా మార్క్‌ను అడ్డం పెట్టుకున్నానని ఆ పూట చకోటే ముందే ఒప్పుకుంటుందామె. ఇంకా బోలెడంత సమయం ఉందంటాడు అతడు. ఆమె ఆ మాటే తిరిగి అంటుంది. షిప్పర్లు ఎగిరి గంతేసిన రోజది!

చూసేవాళ్లకు ఇంకో ఆనవాలు పిలుపు. నౌకలో ‘కెప్టెన్’, ఇద్దరే ఉన్నప్పుడు ‘కాథరిన్’. ఇంగ్లిషులో ఎదుటివాళ్లెవరైనా ‘యూ’యే కాబట్టి రచయితలకు పని సులువైంది. అదే ఈ సీరియల్‌ను తెలుగులో చెప్పాల్సొస్తే ‘మీరు’ ఎక్కడ ‘నువ్వు’ అవుతుందో తేల్చుకోలేక అనువాదకుడు జుట్టు పీక్కోవాల్సిందే. ఆ అడవిలోనా? ‘నువ్వు’ అన్నాక నౌకెక్కి మళ్లీ ‘మీరు’ అనడం ఎలా? ‘రిజల్యూషన్స్’ ముగింపు సరిగ్గా అదే. మందుతో నౌక తిరిగొస్తుంది. ఇద్దరూ యూనిఫాం వేసుకుని చెరో కుర్చీలో కూర్చుని, ఏమీ జరగనట్టు పనులు పురమాయిస్తారు. అంత కఠినమైన ప్రేమ సన్నివేశం ముద్దులున్న సినిమాల్లోనూ అరుదు.

స్విచ్చు నొక్కితే మాయమయ్యే ప్రియుడు

ప్రేమ వద్దన్నవాళ్లలో అందరికంటే గట్టి గొంతు జేన్‌వేదే, అంటే కేట్ మల్‌గ్రూది. తొలి మహిళా కెప్టెన్‌ను కూడా ఎవరో ఒకరికి జత కట్టేస్తే, ఆమె నౌక నడిపిందన్న సంగతి వెనక్కిపోతుందని ఆమె భయం. చిత్రీకరణ రోజుల్లో ఆమె ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుతున్న తల్లి. తెల్లవారకముందే స్టూడియోకి వెళ్లి రాత్రికి ఇల్లు చేరడం. ఉద్యోగంలో పైకెళ్లిన ఆడమనిషి దేన్ని వదులుకోవాల్సి వస్తుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. చకోటేగా నటించిన రాబర్ట్ బెల్ట్రాన్ గొడవ వేరు. తన పాత్రకు చేయడానికి ఏమీ ఇవ్వడం లేదని ఆయన బాహాటంగానే రచయితల మీద విరుచుకుపడేవాడు. ‘రిజల్యూషన్స్’ రాసిన జెరీ టేలర్ నాలుగో సీజన్ తర్వాత 1998లో సీరియల్ బాధ్యతల నుంచి తప్పుకుంది. ఆ తర్వాత ఇద్దరి మధ్య వెచ్చదనం తగ్గుతూ వచ్చింది.

ఇక్కడ కెప్టెన్ పక్షం వాళ్ల చేతికి రెండు మంచి ఆయుధాలు దొరికాయి. ఒకటి 1997 నాటి ‘స్కార్పియన్’. భయంకర శత్రువైన బోర్గ్‌తో జేన్‌వే ఒప్పందానికి సిద్ధపడుతుంది. ఏరు దాటించిన నక్కను కుట్టిన తేలు కథ చెప్పి చకోటే వద్దంటాడు. ఆమె స్పృహ కోల్పోగానే ఒప్పందాన్ని తెంచేస్తాడు. రెండోది 1999 నాటి ‘ఈక్వినాక్స్’. కోపంతో ఓ బందీని చంపేంత పని చేస్తున్న ఆమెకు ఎదురు నిలిచినందుకు చకోటేను విధుల నుంచి తప్పిస్తుంది. భార్యాభర్తలై ఉంటే ఆ రెండు రోజులూ నౌక గతేమయ్యేది? అలాంటి పూట ఎదురు చెప్పే మనిషి కావాలి, భర్త కాదు... ఇదీ వాళ్ల మాట. అంత ఎదురు చెప్పి కూడా పక్కన నిలబడ్డవాడికంటే తగిన వరుడెవరని షిప్పర్ల ఎదురు ప్రశ్న!

ఇంతవరకూ రెండు వైపులా న్యాయముంది. ఒప్పుకోలేనిది సీరియల్ వెతుక్కున్న దొంగదారి. కెప్టెన్ ప్రేమించకూడదని నిర్మాతలు నిజంగా నమ్మితే ఆ లోటును ఆమె ఎలా మోస్తోందో చూపించాలి. అలా చేయలేదు. 2000లో ‘ఫెయిర్ హేవెన్’ ఎపిసోడ్‌లో ఆమె ఒక ఐరిష్ పల్లెలో సారాకొట్టు యజమానిని ప్రేమిస్తుంది. అతడు మనిషి కాదు, కంప్యూటర్ సృష్టించిన బొమ్మ. ఇంకాస్త పొడుగ్గా, ఇంకాస్త చదువుకున్నవాడిగా మార్చమని ఆమే కంప్యూటర్‌కు చెబుతుంది. అతడి భార్యను తీసేయమంటుంది కూడా! సిబ్బందిలో ఎవరినీ ప్రేమించలేని కెప్టెన్‌కు ఇది తప్పేం కాదని నౌక డాక్టర్ సర్దిచెబుతాడు. ఆ డాక్టరూ కంప్యూటర్ బొమ్మే. 2001లో ‘వర్క్‌ఫోర్స్’ వచ్చింది. అందులో జ్ఞాపకాలు చెరిపేసి ఆమెను ఓ కర్మాగారంలో కూలీని చేస్తారు. తానెవరో మరిచిపోయిన జేన్‌వే తోటి ఉద్యోగితో హాయిగా కాపురం పెడుతుంది. నువ్వు కెప్టెన్‌వని చెప్పి, ఆ ఇంటి నుంచి ఆమెను వెనక్కి తెచ్చేది ఎవరో కాదు, చకోటే.

అంటే ఏమిటి? ఆమె ప్రేమించవచ్చు. ఎదుటివాడు మనిషి కాకపోతే. లేదా తాను కెప్టెన్ కాకపోతే. కుర్చీలో ఉన్న స్త్రీ, ఎదురుగా నిజమైన మగవాడు... ఆ చిత్రం గీయడానికి ఏడు సీజన్లలో రచయితలకు చెయ్యి రాలేదు. కాదనడానికైనా ఆమెకో సన్నివేశం ఇచ్చి ఉండాల్సింది. ‘నిన్ను ప్రేమిస్తున్నాను, అయినా వద్దు. ఎందుకంటే రేపు నిన్నే చావుకు పంపాల్సి రావచ్చు’ అని ఒక్కసారి ఆమె చేత అనిపించి ఉంటే రెండు వర్గాలవాళ్లూ కలిసి ఏడ్చేవాళ్లు.

దానికి దగ్గరగా వెళ్లింది 2001 జనవరి నాటి ‘షాటర్డ్’ ఒక్కటే. కాలం ముక్కలైన నౌకలో చకోటేకు పాత జేన్‌వే, ప్రయాణం మొదలవకముందటి జేన్‌వే, ఎదురవుతుంది. మనం ఎంత దగ్గరవుతామని అడుగుతుంది కుతూహలంగా. కొన్ని గోడలు ఎప్పటికీ దాటలేదంటాడు.

ఆఖరి ఎపిసోడ్

2001 మే 23. ‘ఎండ్‌గేమ్’. ఏడు సీజన్లు ఎదురుచూసిన షిప్పర్లు టీవీల ముందు కూర్చున్నారు. చకోటే ప్రేమలో పడ్డాడు, నిజమే. జేన్‌వేతో కాదు. బోర్గ్ నుంచి జేన్‌వే తప్పించి పెంచిన, నాలుగో సీజన్లో వచ్చిన సెవెన్ ఆఫ్ నైన్‌తో! చివరి కొద్ది వారాల్లో హడావుడిగా అతికించిన ఆ జంటను చూసి షిప్పర్లే కాదు, ప్రేమ వద్దన్నవాళ్లూ నోరు తెరిచారు. కథ ఇంకా దారుణం. భవిష్యత్తులో నౌక 23 ఏళ్లకు ఇల్లు చేరుతుంది. దారిలో సెవెన్ చనిపోతుంది, ఆ దిగులుతో చకోటే మళ్లీ మనిషి కాలేకపోతాడు, పోతాడు. తెల్లజుట్టు అడ్మిరల్ జేన్‌వే అది భరించలేక, కాలంలో వెనక్కి ప్రయాణించి, ప్రాణం పణంగా పెట్టి వాళ్లను కాపాడుతుంది. అతడు ఇంకొకరితో సుఖంగా ఉండటానికి! ‘దీన్ని ప్రేమ అనకపోతే ఇంకేమంటారు’ అని షిప్పర్లు కసిగా అడిగారు. భూమి కనబడగానే సీరియల్ ముగిసింది. నేల మీద ఎవరూ అడుగు పెట్టడం చూపనేలేదు.

టీవీ వదిలేసిన చోట నవలలు అందుకున్నాయి. 2007లో పీటర్ డేవిడ్ రాసిన ఓ నవల జేన్‌వేను చంపేసింది. అభిమానులు మండిపడ్డారు. కిర్‌స్టెన్ బేయర్ 2012లో ‘ది ఎటర్నల్ టైడ్’లో బతికించి, చకోటే దగ్గరికి చేర్చింది. కానీ స్టార్ ట్రెక్ లోకంలో తెర మీద జరిగిందే అసలు చరిత్ర. నవలల్లోది లెక్కలోకి రాదు. షిప్పర్లకు అక్కడా ఊరటే దక్కింది, తీర్పు కాదు.

ఈలోగా మగ కెప్టెన్ల కథ సాఫీగా సాగిపోయింది. తన నౌక డాక్టర్ బెవర్లీతో పికార్డ్ బంధాన్ని ఏళ్లకేళ్లు నాన్చిన రచయితలు, 2023లో ఆ ఇద్దరికీ పెద్ద కొడుకున్నాడని చెప్పేశారు. పికార్డ్ అధికారం పోయిందని ఎవరూ బెంగపడలేదు.

జేన్‌వే, చకోటేలు తెరకు తిరిగొచ్చింది పిల్లల యానిమేషన్ సీరియల్ ‘ప్రాడిజీ’లో. 2021లో మొదలైన దీనికి గొంతులిచ్చింది మళ్లీ మల్‌గ్రూ, బెల్ట్రాన్‌లే. చకోటే నౌకతో సహా మాయమవుతాడు. జేన్‌వే ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. అతడికోసం పైవాళ్ల మాట కూడా పక్కన పెట్టి వెతుకుతుంది. 2023లో ఈ సీరియల్‌ను ఆపేసి తీసేస్తే అభిమానులు పోరుపెట్టారు. రెండో సీజన్ 2024 జులైలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో చకోటే ఓ నిర్జన గ్రహం మీద పదేళ్లు చిక్కుకుపోయి దొరుకుతాడు.

ఇద్దరూ కలుసుకుంటారు. వాళ్ల బంధానికి అక్కడ కూడా ఎవరూ పేరు పెట్టలేదు. స్నేహమంటే ఇలా ఉండాలని కెప్టెన్ పక్షం వాళ్లు సంబరపడ్డారు. స్నేహితుడి కోసం ఎవరైనా ఇంతదూరం వెళ్తారా అని షిప్పర్లు మళ్లీ మొదలుపెట్టారు.